మల్లక్క గుమ్మం మీద బ్రమ్మజెం

బొగ్గుబాయిలో పంపు నడిపే యోబు నోటికి మూత లేదన్నది గోదావరిఖని క్వార్టర్ల లైనంతా ఒప్పుకున్న సంగతి. ఎనిమిది గంటలు నేల కింద ఒక్కడే పంపు పక్కన కూర్చునేవాడికి మాటలు ఊటలా ఊరతాయి మరి. బాయిలో చేరిన నీళ్లను పంపు తోడి పైకి పోసినట్టే, షిఫ్టు దిగి, ఒళ్లు రుద్దుకుని అరుగు మీద కూర్చోగానే యోబు ఆ మాటలన్నీ తోడి పోసేవాడు. ఒకసారి తన పంపు గోదావరి అడుగుదాకా పీల్చిందట. జానెడు చేప ఒకటి గొట్టంలోంచి వచ్చి పడి, "ఇది ఏ షిఫ్టు అన్నా?" అని అడిగిందట. "రెండో షిఫ్టు" అని యోబు చెబితే, "అయ్యో, నాది మొదటి షిఫ్టు, మస్టర్ హాజరు పోయింది" అని తల కొట్టుకుని మళ్లీ నీళ్లలోకి దూకిందట. ఈ కథ నమ్మినవాడు లైన్లో ఒక్కడూ లేడు. అయిపోయేదాకా లేచి పోయినవాడూ లేడు.

అయితే యోబు దగ్గర అందరూ నమ్మే సరుకు ఒకటి ఉంది. అది అతని ఇంగ్లీషు. సొంత ఊళ్లో మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. ఆ అయిదు తరగతుల చదువునే సాగదీసి, సాగదీసి యాభై ఏళ్ల వయసు దాకా తెచ్చాడు. దవాఖాన సీసా మీద రాత, ఆఫీసు నుంచి వచ్చిన కాగితం, టెలిగ్రాం, ఏది వచ్చినా లైనోళ్లు అతని అరుగు దగ్గరికే తెచ్చేవాళ్లు. సగం తెలిసి చదివేవాడు, సగం ఊహించి చదివేవాడు. ఊహ ఎక్కువసార్లు సరిగ్గానే తగిలేది. బాయి పనికి వచ్చిన పన్నెండేళ్లలో "తెల్వది" అన్న మాట తన నోట రాలేదని అతనికి లోపల ఎంత గర్వమో! బాయి మేనేజరుకు కూడా తన బాయి మీద అంత గర్వం ఉండి ఉండదు.

అతని గోడకు గోడ ఆనుకుని ఉన్న క్వార్టరు కొమురెల్లిది. కొమురెల్లి బాయిలో టబ్బులు నింపుతాడు. అతని భార్య మల్లక్క. వాళ్లు బతుకమ్మ ఆడేవాళ్లు, యోబు ఇంటివాళ్లు ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్లు. కానీ ఒకే గోడ, ఒకే నల్లా, ఒకే నిప్పు. మల్లక్క మొదటి రోజే యోబును "అన్నా" అన్నది. అంతటితో కొమురెల్లి బావ అయిపోయాడు, యోబు భార్య సుగుణమణి వదిన అయిపోయింది.

ఇక్కడ తీగల సంగతి చెప్పాలి. బాయిలో బొగ్గు పగలగొట్టడానికి మందు పెట్టి పేలుస్తారు. ఆ మందుకు కరెంటు అందించే సన్న రాగి తీగలకు పైన రంగురంగుల ప్లాస్టిక్కు తొడుగు ఉంటుంది. పసుపు, ఎరుపు, నీలం, తెలుపు. పేలుడు అయ్యాక అవి తుంపులు తుంపులై బొగ్గులో పడి ఉంటాయి. టబ్బులు నింపేవాళ్లు వాటిని ఏరి, ఖాళీ అయిన అన్నం డబ్బాలో వేసుకుని ఇంటికి తెస్తారు. ఆడవాళ్లు వాటితో బుట్టలు అల్లుతారు, విసనకర్రల పిడులకు చుడతారు. ఇది అన్ని లైన్లలో ఉన్న అలవాటే. కానీ మల్లక్క చేతిలో పడ్డ తీగ దారే వేరు. బతుకమ్మ పేర్చడంలో ఆమెను మించినవాళ్లు వాళ్ల ఊళ్లో లేరు. తంగేడు పసుపు పక్కన గునుగు తెలుపు ఎంత వెడల్పు పడాలో, ఎక్కడ ఎరుపు ఒక్క వరస వేసి ఆపాలో ఆమె కంటికి తెలుసు. ఆ కంటితోనే ఆమె తీగతో మెడకు కంటెలు అల్లింది. మోచేతి పైన తొడిగే దండకడాలు అల్లింది, చెవుల గెంటీలు అల్లింది. దూరం నుంచి చూస్తే పట్నం దుకాణంలో అద్దాల వెనక ఉండాల్సిన సొమ్ములే. దగ్గరికి వచ్చి చూస్తే, పేలిన మందు తీగలు.

డెబ్బై ఒకటి జనవరి ఇరవై ఆరున కంపెనీ క్లబ్బులో ఆడవాళ్ల చేతిపనుల పోటీ పెట్టారు. సుగుణమణి తోసి తోసి పంపితే మల్లక్క ఒక కంటె, రెండు దండకడాలు, తీగ నెమలి ఒకటి పట్టుకుపోయి బల్ల మీద పెట్టింది. న్యాయనిర్ణేత ఒక పెద్ద ఇంజనీరుగారి భార్య. కలకత్తాలో పెరిగిన మనిషి, ఇంగ్లీషు తప్ప నోట రాదు. లైనోళ్లు ఆమెను దొరసాని అనేవాళ్లు. మొదటి బహుమతి టేబిల్ గుడ్డకు, రెండోది ఊలు శాలువాకు, మూడోది మైనం పువ్వులకు పోయాయి. మల్లక్క బల్ల మీద బహుమతి లేదు. కానీ ఒక చిన్న తెల్ల చీటీ ఉంది. దాని మీద నీలం సిరాతో ఒకే ఒక్క మాట. అంత పెద్ద హాల్లో అలాంటి చీటీ ఇంకెవరి బల్ల మీదా లేదు.

మొదటిది, రెండోది, మూడోది అని గెలిచినవాళ్లకు అంకె వేసి ఊరుకున్నారు, మల్లక్కకు మాత్రం మాట రాసిచ్చారు అంటే ఏమనుకోవాలి? కొమురెల్లి ఏమనుకున్నాడో అదే అందరూ అనుకున్నారు.

"బావా! యోబు బావా! జల్ది బయటికి రా, గీ చీటీ సదువు!"

యోబు అరుగు మీదికి వచ్చేసరికి లైను సగం అక్కడే ఉంది. చీటీ తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకే చదివాడు.

"బ్రమ్మజెం."

"అంటే?"

అంటే ఏమిటో అతనికి తెలియదు. ఆ మాట ఏ సీసా మీదా చూడలేదు, ఏ కాగితంలోనూ తగల్లేదు. పన్నెండేళ్లుగా నోట రాని "తెల్వది" గొంతు దాకా వచ్చింది. ఇంతలో మల్లక్క కనిపించింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, తీగ కోసుకుని గాట్లు పడ్డ వేళ్లతో గుంజ పట్టుకుని నిలబడి ఉంది. గొంతు దాకా వచ్చింది అక్కణ్నుంచే వెనక్కి పోయింది.

"ఇది ఉత్త మాట కాదు చెల్లె, బిరుదు," అన్నాడు యోబు, గొంతు సవరించుకుని. "ఇంగ్లాండు రాణి ఇంట్ల నూటొక్క అర్రలుంటయి. వంద అర్రల్ల బంగారం గుట్టలు పోసి ఉంటది. దాన్ని పొద్దుగాల్నే చీపురుతోని ఊడ్సి మూలకు పెడతరు. నూటొక్కటో అర్రకు మాత్రం ఏడు తాళాలు. అండ్ల ఉన్న సొమ్మును బ్రమ్మజెం అంటరు. రాణి అయినా సరే, ఏడాదికి ఒక్కపాలే ఏసుకోవాలె. ఏసుకున్నంక మెడ తిప్పద్దు."

"మెడ తిప్పకపోతే బువ్వ ఎట్ల తింటదిరా?" అన్నది ముసలి కనకవ్వ.

"తినిపిస్తరవ్వా. దానికో మనిషిని కొలువుకు పెట్టిండ్రు."

"గా కొలువేదో మా పెద్దోనికి ఇప్పియ్యరాదు? ఆనికి తినుడు తప్ప ఏం రాదు."

అందరూ నవ్వారు. మల్లక్క నవ్వలేదు. చీటీని యోబు చేతిలోంచి రెండు చేతులతో తీసుకుని, పసుపు డబ్బా ఉండే గూట్లో పెట్టుకుంది.

తెల్లారి కొమురెల్లి మందుపెట్టె చెక్క ఒకటి సంపాదించాడు. టబ్బుల మీద నంబర్లు వేసే బిక్షాన్ని పిలిచి, దాని మీద తెల్ల రంగుతో ఆ మాట తెలుగులో రాయించాడు. బ్రమ్మజెం. గుమ్మం మీద నాలుగు మేకులతో కొట్టాడు. మామూలుగా ఆ లైన్లో గుమ్మాల మీద ఇంటి నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. అందుకని దారిన పోయేవాళ్లు ఆగేవాళ్లు. ఆగినవాళ్లకు కథ చెప్పే పని యోబుది. వారం తిరిగేసరికి ఏడు తాళాలు తొమ్మిదయ్యాయి, తలుపు దగ్గర సింహం కూడా చేరింది. గోదావరి అవతల జైపూర్ నుంచి రైతుల ఆడవాళ్లు పడవ దాటి వచ్చి కంటెలు చూసి పోయారు. పక్క లైన్లో అనసూర్య బిడ్డ మల్లక్క చేసిన బ్రమ్మజెం మెడలో లేనిదే పెళ్లిపీట ఎక్కనని మొండికేసింది. మల్లక్క నడకే మారింది. నల్లా దగ్గర వెనక నిలబడే మనిషి, ఇప్పుడు బిందె ముందు పెట్టి నలుగురికీ దారి చెబుతోంది.

సుగుణమణికి మాత్రం మొగుడి సంగతి తెలుసు. ఒక రోజు కూరలు తరుగుతూ అడిగింది.

"గా మాట నీకు నిజంగ ఎరుకేనా?"

"ఎరుకే... సగం."

"ఏ సగం?"

"అక్షరాలు."

సుగుణమణి కత్తిపీట పక్కకు పెట్టింది. మొగుణ్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆమె అలా చూస్తేనే యోబుకు భయం.

వానలు మొదలయ్యాక కబురు వచ్చింది. కంపెనీవాళ్లు లైన్లలో ఆడవాళ్లకు కుట్టు నేర్పే తరగతి పెడతారట. ఏ లైన్లో పెట్టాలో చూడటానికి ఆ దొరసానే వచ్చే బుధవారం వస్తుందట. మల్లక్క పరుగున యోబు ఇంటికి వచ్చింది.

"అన్నా, నాకు గా తల్లి ఇచ్చిన బిరుదును తీగల అల్లి, ఆమె మెడలనే ఏస్త. ఇంగ్లీషు అచ్చరాలు నేల మీద సుద్దతోని రాసియ్యి. తప్పు పోవద్దు. ఆమె అందరి ముంగట సదువుకోవాలె."

యోబు వంగి రాశాడు. తొమ్మిది అక్షరాలు. రాసి లేస్తుంటే అసలు సంగతి తట్టింది. రాణి, అర్రలు, తాళాలు అన్నీ తను కట్టినవే. చీటీ మీద దొరసాని అసలు ఏమని రాసింది? నలుగురి ముందు ఆమె మెడలో ఆ మాట వేసినప్పుడు ఆమె నవ్వితే? ఆ నవ్వు పడేది తన మీద కాదు, ఈ పిల్ల మీద.

ఆ సాయంత్రమే యోబు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే సామ్యేల్ మాస్టారి ఇంటికి పోయాడు. మాస్టారి దగ్గర దిండంత లావు డిక్షనరీ ఒకటి ఉంది. ఒకప్పటి మిషను దొర వదిలి పోయింది. మాస్టారు వేలు తడి చేసుకుని పేజీలు తిప్పి, ఒక చోట ఆగి, కళ్లజోడు పైనుంచి యోబును చూశాడు.

"ఎవరన్నరయ్యా ఈ మాట?"

"ముందు అర్థం చెప్పుండ్రి సారూ."

"చవకగా ఉండి, పైకి తళతళ మెరిసే, లోపల విలువ లేని నగా నట్రా. నకిలీ సరుకు."

మాస్టారు కూర్చోమనకుండానే యోబు కింద కూర్చున్నాడు.

"ఇంకేమన్న మంచి అర్థం ఉన్నదా సారూ? జెర కిందికి సూడుండ్రి."

"కింద అర్థం లేదు, పుట్టుక ఉన్నది." మాస్టారు కాస్త సేపు తనలో తాను చదువుకున్నాడు. "ఇది అసలు ఒక ఊరి పేరు. ఇంగ్లాండుల బర్మింగ్‌హామ్ అని ఉన్నది. ఆ ఊరోళ్లు తమ ఊరిని ఇంటి భాషల బ్రమ్మజెం అనేటోళ్లు. మనం గోదావరిఖనిని ఖని అంటలేమా, గట్ల. అది పనిచేసేటోళ్ల ఊరు. చుట్టుపక్కల బొగ్గు, ఇనుము. పొగల నిలవడి గుండీలు, బెల్టు బకిళ్లు, గొలుసులు, చిన్నచిన్న డబ్బాలు చేసేటోళ్లు. గంపలకొద్ది చేసి దేశమంత పంపేటోళ్లు. మూడొందల ఏండ్ల కింద అక్కడ కొందరు దొంగ నాణేలు గూడ చేసిండ్రు. ఇగ పట్నపోళ్లకు సందు దొరికింది. ఏది నకిలీ అయినా, ఏది ఉత్త తళుకైనా, 'ఇది బ్రమ్మజెం' అనుడు షురూ చేసిండ్రు. తప్పు చేసింది కొందరు, పేరు పోయింది ఊరందరిది."

"సారూ," అన్నాడు యోబు. "గా ఊరి పేరు పూర్తిగ ఎట్ల రాస్తరు? గీ కాగితం మీద పెద్ద అచ్చరాల్ల రాయుండ్రి."

మాస్టారు రాశాడు. యోబు ఆ కాగితం వంక చూస్తూ ఉండిపోయాడు. ఆరేళ్లుగా ప్రతి షిఫ్టులో, నూనె గుడ్డతో అతను తుడిచే పంపు నుదుటి మీద ఒక ఇత్తడి బిళ్ల ఉంది. దాని చివరి వరుసలో ఈ అక్షరాలే. పంపు చేసిన సేటు పేరు కాబోలు అనుకున్నాడు ఇన్నాళ్లూ.

"మా పంపు గా ఊరిదే సారూ! వాళ్లు చేసిందే!"

"చేసే ఉంటరు. గుండీలు చేసిన చేతులే ఇంజన్లు గూడ చేసినయి. దునియ అంత పంపిండ్రు."

దారంతా యోబుకు కాళ్లు ఒకసారి తేలికగా, ఒకసారి బరువుగా పడ్డాయి. ఇంటికి చేరేలోపు ఒక ఉపాయం తయారైంది. పుట్టుక ఒక్కటే చెబుదాం, అర్థం ఎగ్గొడదాం. పెద్ద ఊరు, గొప్ప ఊరు, పంపులు చేసిన ఊరు, ఆ ఊరి పేరు నీకిచ్చింది అంటే చాలదా? సుగుణమణి అంతా విన్నది.

"సగం చెప్పే రోగం ఇంక పోలేదా నీకు? బుధవారం నాడు గా దొరసాని నోటి నుంచి మల్లక్క రెండో సగం ఇంటే?"

"ఎట్ల చెప్పాలె మరి?"

"ఎట్ల కట్టినవో గట్లనే ఇప్పు. నీ నోటితోనే."

మర్నాటి నుంచి రెండో షిఫ్టు కాబట్టి, పొద్దున మగవాళ్లిద్దరూ ఇంటి దగ్గరే ఉన్నారు. యోబు పోయేసరికి మల్లక్క గడప దగ్గర కూర్చుని తీగ మెలిపెడుతోంది. తొమ్మిదిలో నాలుగు అక్షరాలు అయ్యాయి. నీలం మీద పసుపు. అంత అందంగా ఇంగ్లీషు అక్షరాన్ని ఇంగ్లీషువాళ్లు కూడా రాసి ఉండరు.

యోబు చెప్పాడు. రాణి లేదన్నాడు, అర్రలు లేవన్నాడు. ఆ రోజు తనకా మాట తెలియదన్నాడు. అర్థం చెప్పాడు. ఒక్కటీ మిగల్చలేదు.

మల్లక్క వేళ్లు ఆగిపోయాయి.

"ఆర్నెల్లు అన్నా," అన్నది. "ఆర్నెల్లు నా గుమ్మం మీద నా తిట్టును నేనే మేకులు కొట్టి పెట్టుకున్న. దానికి బొట్లు గూడ పెట్టిన."

"తప్పు నాదే చెల్లె. తెల్వది అనే మాట నా నోట్లకెల్లి రాలె."

"ఏడు తాళాలంటివి. సింహం అంటివి."

"అంటి."

కొమురెల్లి అప్పటికే మందుపెట్టె మీదికి ఎక్కి పలక పట్టుకుని ఊపుతున్నాడు. "నీ ఇంగ్లీషు సల్లగుండ బావా! మా ఇజ్జత్ అంత గాలికి పోయె. జైపూర్ దాక తెలిసిపాయె!"

"జెర ఆగు బావా. ఇంకో సగం ఉన్నది. ఇది నేను కట్టింది కాదు. డిక్షనరీల ఉన్నది. నమ్మకుంటే సామ్యేల్ సారును అడుగుండ్రి." యోబు గడప ముందు నేల మీద కూర్చుని ఊరి సంగతి చెప్పాడు. బొగ్గు, ఇనుము, పొగ, గుండీలు, దొంగ నాణేలు. అతిశయోక్తి ఒక్కటి కూడా లేకుండా చెప్పడం వల్ల కథ చాలా చిన్నదిగా వచ్చింది. చివరికి పంపు బిళ్ల మాట చెప్పాడు.

పైన కొమురెల్లి చేతులు ఆగాయి.

"ఏ పంపు? మన కింది పంపా?"

"అదే."

"పోయిన వానకాలం నీళ్లు ఎగదన్నితె మూడు రోజులు ఆగకుంట నడిసిన పంపా?"

"అదే బావా. అది ఆగితే బాయిల కింది గల్లీ అంతా మునుగుతుండె. మల్ల మన ఎనభై మందికి పని దొరికి ఉండునా?"

కొమురెల్లి మెల్లగా పెట్టె దిగాడు. మల్లక్క కాసేపు తీగ అక్షరాల వంకే చూసింది. ఆ తర్వాత ఒక్కో ప్రశ్న అడిగింది. ఏ ప్రశ్నా రాణి గురించి కాదు.

"వాళ్లది గూడ బొగ్గు ఊరేనా?"

"చుట్టుముట్టు బొగ్గే అన్నడు సారు."

"గుండీలు, గొలుసులు ఆడోళ్లు గూడ చేస్తుండెనా?"

"అది అడగలె. తెల్వది చెల్లె." ఆ మాట అంత సులువుగా జారిపోయిందేమిటా అని యోబుకే ఆశ్చర్యం వేసింది.

"చేస్తుంటరు," అన్నది మల్లక్క తేల్చేస్తూ. "సన్న పని మగోళ్ల ఏళ్లకు వస్తదా? సరే, గా పేరును తిట్టు చేసింది ఎవలు? చేసినోళ్లు కాదు గద?"

"కాదు. కొనుక్కొని తొడుక్కున్నోళ్లు."

"మరి మనం ఎందుకు సిగ్గుపడాలె?" మల్లక్క లేచి నిలబడింది. "దొంగ నాణెం చేసినోడు సిగ్గుపడని. నేను బంగారమని చెప్పి ఎవలకన్న ఇచ్చిన్నా? మందు తీగ అనే చెప్పి ఇచ్చిన. మందు తీగ ఎక్కడికెల్లి వస్తదో తెలిసే తొడుక్కున్నరు. గా పలక దింపకు. బిక్షాన్ని పిలువు, దాని కింద ఇంకో మాట రాయాలె."

"ఏం మాట?"

"గోదావరిఖని."

కొమురెల్లి బిక్షం కోసం బయల్దేరాడు. మల్లక్క తీగ అక్షరాలను గూట్లో పెట్టేసి యోబు వైపు తిరిగింది.

"బుధవారం నా మాట దొరసానికి నువ్వే చెప్పాలె. నేను ఏమంటె అదే. సింహం రావద్దు."

"రాదు."

"తాళం గూడ రావద్దు."

"ఒక్కటీ రాదు చెల్లె, నీ మీద ఒట్టు."

బుధవారం దొరసాని జీపు దిగింది. లైను లైనంతా వాకిళ్లలో ఉంది. ఆమె ఒక్కో ఇల్లూ చూసుకుంటూ వచ్చి మల్లక్క గుమ్మం దగ్గర ఆగింది. తెల్లగా మెరుస్తున్న రెండు మాటల పలక చూసి, అక్కడ ఏం రాసి ఉందని పక్కనే నిలబడ్డ యోబును ఇంగ్లీషులో అడిగింది.

యోబు చెప్పాడు. పై మాట మీరు రాసిచ్చినదేనమ్మా, బ్రమ్మజెం. కింది మాట మా ఊరు.

దొరసాని ముఖం ఎర్రబడింది. దాని అర్థం వీళ్లకు తెలుసా అని మెల్లగా అడిగింది. తెలుసునన్నాడు యోబు. ఆమె కళ్లు కిందికి దిగాయి. ఆ రోజు అలసిపోయి, వేళాకోళంగా, తనకోసం తాను రాసుకున్న మాట అదని, చీటీ అక్కడే మరిచిపోయానని, ఎవరో చదువుతారని అనుకోలేదని అన్నది.

"ఏమంటున్నది?" అని మల్లక్క. యోబు ఉన్నదున్నట్టు చెప్పాడు.

మల్లక్క తల ఎత్తుకునే నిలబడి ఉంది. "చెప్పు అన్నా. గా మాట మాకు తిట్టు కాదు. అది ఒక ఊరి పేరు. బొగ్గు పొగల చేతిపని చేసేటోళ్ల ఊరు. వాళ్లు చేసిన పంపు మా మొగోళ్ల కాళ్ల కింద నీళ్లు తోడుతున్నది. గసొంటి వాళ్ల పక్కన నన్ను నిలవెట్టినందుకు సంతోషమని చెప్పు. అయితే వాళ్ల ఊరు వాళ్లది, మా ఊరు మాది. అందుకే కింద మా పేరు గూడ రాయించిన."

యోబు నాలుక కొనమీద రాణి ఒక్కసారి తొంగి చూసింది. అతను పళ్లు బిగబట్టాడు. మల్లక్క ఎన్ని మాటలు అన్నదో అన్నే మాటలు ఇంగ్లీషులో పెట్టాడు. రాని మాట దగ్గర ఆగి, చేతులతో చూపించి, అయినా ఒక్కటీ కలపకుండా పూర్తి చేశాడు. జీవితంలో అతను చెప్పిన అన్ని మాటల్లో అతనికి చెమట పట్టించినవి అవే.

దొరసాని గడప పక్కన పీట మీద ఉన్న ఎరుపు-తెలుపు కంటె చేతిలోకి తీసుకుంది. ఈసారి చూసిన తీరు వేరు. వేలితో తడుముతూ చుట్టూ తిప్పింది. తీగ మొదలు కోసం వెతికింది, కొస కోసం వెతికింది. దొరకలేదు. ఎక్కడ మొదలుపెట్టారు అని అడిగింది.

"మొదలు కనవడితే అది నా పని కాదు అని చెప్పు," అన్నది మల్లక్క.

వెనక నుంచి కనకవ్వ, "గట్ల చెప్పు బిడ్డా!" అన్నది. లైనంతా గొల్లుమంది. దొరసాని కూడా నవ్వింది. ఇది నాకిస్తారా అని అడిగింది.

"అది అనసూర్య బిడ్డది. ఎల్లుండి లగ్గం."

అయితే నాకోసం ఒకటి అల్లుతారా?

మల్లక్క ఆలోచించింది. "ఇంకో పదకొండు మెడలున్నయి ముంగట. తీగ గూడ బాయిల ఎంత పేలితే అంతే వస్తది. దసరా దాటాలె. ఆగుతదేమో అడుగు."

ఆగుతానన్నది దొరసాని.

మల్లక్క పీట ముందుకు జరిపి కూర్చోమన్నట్టు చూపించింది. చీర చెంగుకు గుచ్చి ఉన్న ఎర్ర తీగ తుంపు తీసి నిటారుగా లాగింది. "మెడల ఉన్నదాన్ని తియ్యమను అన్నా. కొలత తప్పు వస్తది."

దొరసాని రెండు చేతులూ వెనక్కి పెట్టి, ముత్యాల గొలుసు విప్పి ఒళ్లో పెట్టుకుంది. జుట్టు పక్కకు తీసి మెడ వంచింది. పేలిన మందు తీగ ఆ మెడ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. రెండు కొసలూ కలిసిన చోట గోరు నొక్కి గుర్తు పెట్టుకుని, మల్లక్క ఆ తీగను పళ్లతో కొరికింది.